ఫోరెన్సిక్ ల్యాబులో ఉద్యోగం కావాలంటే డిగ్రీలో ఉండగానే ఏం చేయాలి?

ప్రశ్న: "మాది నల్గొండ జిల్లా. బీజెడ్‌సీ రెండో ఏడాది చదువుతున్నాను. ఫోరెన్సిక్ సైంటిస్ట్ కావాలని ఇంటర్ నుంచీ కోరిక. ఎమ్మెస్సీ ఫోరెన్సిక్ సైన్స్ చేయాలా, కెమిస్ట్రీ చేయాలా? ఆరు నెలల ఆన్‌లైన్ డిప్లొమా చేస్తే ఉద్యోగం గ్యారంటీ అని ఒక సంస్థ వాళ్లు ఫోన్లు చేస్తున్నారు. నాన్నేమో బీఈడీ చేసి టీచర్ అవ్వమంటున్నారు. అసలు ఆడపిల్లకు ఈ పని కుదురుతుందా?"

అమ్మా, నేను ప్రభుత్వ ఫోరెన్సిక్ ల్యాబులో టాక్సికాలజీ విభాగంలో, అంటే విషాలు పరీక్షించే చోట పనిచేసి రిటైరయినదాన్ని. నా కూతురి వయసుదానివి కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. ల్యాబులోకి అడుగుపెట్టాక ఫోరెన్సిక్ సైన్స్ అని విడిగా ఏమీ కనబడదు. కెమిస్ట్రీ కనబడుతుంది, బయాలజీ కనబడుతుంది, ఫిజిక్స్, కంప్యూటర్లు కనబడతాయి. వాటిలో ఒకదాన్ని బాగా నేర్చుకుని, దాంతో తేల్చిన విషయాన్ని జడ్జి ముందు నిలబడి చెప్పగలగడమే మా పని. అందుకే ఎవరడిగినా ముందు ఒక సైన్సులో గట్టిపడమని చెబుతాను. 'ఫోరెన్సిక్' అనే మాట సర్టిఫికెట్ మీద ఉందా లేదా అన్నది ఆ తర్వాతి సంగతి. ఎందుకింత గట్టిగా చెబుతున్నానో తెలియాలంటే మా బల్ల మీద ఏం జరుగుతుందో కొంచెం వివరంగా చెప్పాలి.

అనుమానాస్పద మరణం కేసుల్లో పోస్టుమార్టం చేసిన డాక్టర్ కడుపు, అందులో ఉన్న పదార్థం, చిన్నపేగు ముక్క, కాలేయం, మూత్రపిండాల ముక్కలు తీసి చిక్కటి ఉప్పు ద్రావణంలో వేసి సీలు వేస్తారు. దాన్నే విసెరా అంటాం. పోలీసులు దాన్ని ఎఫ్‌ఐఆర్ కాపీ, పోస్టుమార్టం రిపోర్టు, లేఖతో కలిపి మాకు పంపుతారు. డబ్బా రాగానే మూత తీయం. లక్క సీళ్లు ఎన్ని ఉన్నాయి, చెక్కుచెదరకుండా ఉన్నాయా, లేఖతో వచ్చిన నమూనా సీలుతో సరిపోతున్నాయా, లేబుల్ మీద క్రైమ్ నంబరు, పోస్టుమార్టం నంబరు కాగితాల్లో ఉన్నట్టే ఉన్నాయా, ఇవన్నీ చూసి రాసుకున్నాకే తెరుస్తాం. ముక్కలు ఫార్మలిన్‌లో, అంటే శరీర భాగాలు చెడకుండా ఆసుపత్రుల్లో వాడే ద్రవంలో వేసి పంపితే విష పరీక్షకు చాలావరకు పనికిరావు. వాడిన ఉప్పు ద్రావణం కొంచెం విడిగా మరో సీసాలో రావాలి. రాకపోతే, విషం శరీరంలోంచే వచ్చిందని ఎలా చెబుతారు, ద్రావణంలోనే ఉండి ఉండొచ్చుగా అని రేపు కోర్టులో లాయర్ అడిగితే నీ దగ్గర జవాబు ఉండదు.

మన జిల్లాల నుంచి వచ్చే కేసుల్లో పురుగుమందులే ఎక్కువ. క్లోర్‌పైరిఫాస్ తాగిన కేసైతే చాలాసార్లు డబ్బా తెరవగానే కిరోసిన్‌లాంటి వాసన ముక్కుకు కొడుతుంది. కానీ వాసన సాక్ష్యం కాదు. కణజాలాన్ని సన్నగా తరిగి, తేమను పీల్చే సోడియం సల్ఫేట్‌తో నూరి, హెక్సేన్ పోసి కలిపి వడగడతాం. ఆ ద్రావకాన్ని ఆవిరి చేసి మిగిలినదాన్ని సన్నటి గాజు గొట్టంతో సిలికా పూసిన పలక మీద చుక్క పెడతాం. పక్కనే అసలు క్లోర్‌పైరిఫాస్ చుక్క, దాని పక్కన ఉప్పు ద్రావణం చుక్క. ద్రావకం పలక మీదుగా పైకి పాకాక, ఆరబెట్టి పల్లాడియం క్లోరైడ్ చల్లితే పసుపు గోధుమ రంగు మచ్చ లేస్తుంది. మనం పెట్టిన అసలు మందు మచ్చ ఎంత ఎత్తులో ఉందో ఇదీ అంతే ఎత్తులో ఉండి, ఉప్పు ద్రావణం వరసలో ఏమీ లేకపోతే సగం పని అయినట్టు. మిగతా సగం జీసీ-ఎంఎస్ మీద, అంటే పదార్థాన్ని ఆవిరి చేసి విడదీసి గుర్తించే యంత్రం మీద నిర్ధారించుకోవడం.

ఈ పద్ధతి మాన్యువల్‌లో ఉంటుంది. పద్ధతి వరకే నేర్చుకున్న మనిషి ఇక్కడి దాకా బాగానే చేస్తుంది. ఇప్పుడు అదే బల్ల మీదికి పారాక్వాట్ కేసు వచ్చిందనుకో. పారాక్వాట్ కలుపు మందు, మన రైతులు గడ్డిమందు అంటారు. తెలంగాణలో దానివల్ల పోయిన ప్రాణాలు తక్కువేమీ కావు. అది లవణం, నీళ్లలో కరుగుతుంది, హెక్సేన్‌లోకి రాదు. వేడికి ఆవిరి కాదు కాబట్టి జీసీ-ఎంఎస్‌లో కూడా మామూలు పద్ధతిలో చిక్కదు. పైన చెప్పిన పద్ధతంతా తు.చ. తప్పకుండా చేసి 'విషం కనబడలేదు' అని రిపోర్టు రాస్తే, చేసిన పనిలో లోపం ఉండదు, రిపోర్టు మాత్రం తప్పు. కాగితాల్లో గడ్డిమందు అనే మాట చూసి, దాని నిర్మాణం గుర్తు తెచ్చుకుని, నీటితోనే తీయాలి అని తట్టాలి. తీసినదాంట్లో క్షారం, సోడియం డైథయొనైట్ కలిపితే నీలం రంగు వస్తుంది. ఐదు నిమిషాల పరీక్ష. కానీ ఆ పరీక్ష చేయాలని తట్టడానికి డిగ్రీలో కెమిస్ట్రీ బాగా చదివి ఉండాలి.

ఇంకొకటి కూడా చెబుతాను, ఇది నాకు చాలా ఇష్టమైన పరీక్ష. ధాన్యానికి పురుగు పట్టకుండా పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు మింగితే కడుపులో ఫాస్ఫీన్ వాయువు పుడుతుంది. వెండి నైట్రేట్‌లో తడిపిన కాగితం ఆ వాయువు తగలగానే నల్లబడుతుంది. అయితే కుళ్లిన కణజాలంలోంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్‌కి కూడా ఆ కాగితం నల్లబడుతుంది. మన ఎండలకు శరీరం కుళ్లకుండా రావడమే అరుదు. అందుకని పక్కనే లెడ్ ఎసిటేట్ కాగితం కూడా పెడతాం. అది సల్ఫైడ్‌కి నల్లబడుతుంది, ఫాస్ఫీన్‌కి నల్లబడదు. వెండి కాగితం నల్లగా, లెడ్ కాగితం తెల్లగా ఉంటే ఫాస్ఫీన్ అని ముందుకు వెళ్లొచ్చు. రెండూ నల్లబడితే అప్పుడే ఏమీ చెప్పకూడదు, సల్ఫైడ్‌ని తప్పించి మళ్లీ చేయాలి. ఏ పరీక్ష చేసినా 'ఇదే ఫలితం ఇంకెందువల్ల రావచ్చు' అని నిన్ను నువ్వు అడుగుతూనే ఉండాలి. ఆ అలవాటు నీకు ఇప్పటికే ఉందనుకుంటే ఈ పని నీకు నచ్చుతుంది.

ఇక ఎవరు ఏం చేస్తారో చూద్దాం, ఎందుకంటే చాలామంది అన్నీ కలిపేస్తారు. పోస్టుమార్టం చేసేది ఫోరెన్సిక్ మెడిసిన్ డాక్టర్. దానికి నీట్, ఎంబీబీఎస్, ఆపై ఎండీ. అది వేరే దారి. వేలిముద్రలు మన రాష్ట్రాల్లో ఫింగర్‌ప్రింట్ బ్యూరో చూస్తుంది, అది పోలీసు శాఖలో భాగం. తెలంగాణలో ఏఎస్‌ఐ హోదాలో ఆ పోస్టులకు విడిగా నోటిఫికేషన్ వచ్చింది. ప్రపంచంలో మొదటి ఫింగర్‌ప్రింట్ బ్యూరో 1897లో కలకత్తాలో మొదలైంది. వేలిముద్రల్ని వర్గాలుగా విడదీసే పద్ధతికి ప్రాణం పోసినవాళ్లు అజీజుల్ హక్, హేమ్ చంద్ర బోస్ అనే ఇద్దరు భారతీయులు. పేరు మాత్రం పై అధికారి హెన్రీకి పోయింది. నేరం జరిగిన చోటికి ముందు వెళ్లేది క్లూస్ టీమ్. ఎఫ్‌ఎస్‌ఎల్ అంటే ల్యాబు: టాక్సికాలజీ, కెమిస్ట్రీ, రక్తం, శరీర ద్రవాలు చూసే బయాలజీ-సీరాలజీ, డీఎన్‌ఏ, ఫిజిక్స్, తుపాకులు-తూటాలు చూసే బాలిస్టిక్స్, చేతిరాత-సంతకాలు చూసే డాక్యుమెంట్స్, కంప్యూటర్ ఫోరెన్సిక్స్, ఇలా విభాగాలుంటాయి. తెలంగాణ ఎఫ్‌ఎస్‌ఎల్ హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఉంది. రెండు రాష్ట్రాల్లోనూ ప్రాంతీయ ల్యాబులు ఉన్నాయి, వరంగల్, విశాఖపట్నం, తిరుపతి లాంటి చోట్ల. కేంద్ర ప్రభుత్వానిది సీఎఫ్‌ఎస్‌ఎల్ రామంతాపూర్‌లో ఉంది. డీఎన్‌ఏ పరీక్షలకు ఉప్పల్‌లో సీడీఎఫ్‌డీ అనే సంస్థ ఉంది. మన దేశంలో డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్‌ని నిలబెట్టిన లాల్జీ సింగ్ పనిచేసింది హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే పరిశోధన సంస్థలోనే. 1995 నాటి ఢిల్లీ తందూర్ హత్య కేసులో కాలిన శరీరం ఎవరిదో తేల్చిన డీఎన్‌ఏ పరీక్ష అక్కడే జరిగింది. నువ్వుండే చోటికి రెండు మూడు గంటల దూరంలో ఇన్ని ఉన్నాయి. దేశంలో చాలామంది విద్యార్థులకు ఈ వీలు లేదు.

నార్కో అనాలిసిస్, బ్రెయిన్ మ్యాపింగ్ గురించి టీవీలో చూసి వచ్చేవాళ్లు కూడా ఉంటారు. 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు, మనిషి ఒప్పుకోకుండా ఇవి చేయడానికి వీల్లేదని తేల్చింది. ఆ విభాగాల్లో పోస్టులు చాలా తక్కువ. దాన్ని నమ్ముకుని చదువు ఎంచుకోవద్దు.

ఇప్పుడు నీ మొదటి ప్రశ్న: ఎమ్మెస్సీ ఫోరెన్సిక్ సైన్సా, కెమిస్ట్రీయా?

దీనికి జవాబు నా దగ్గర కన్నా పాత నోటిఫికేషన్లలో ఉంది. తెలంగాణ పోలీసు నియామక బోర్డు ఎఫ్‌ఎస్‌ఎల్ పోస్టులకు ఇచ్చిన నోటిఫికేషన్, యూపీఎస్సీ సీఎఫ్‌ఎస్‌ఎల్ పోస్టులకు ఇచ్చే ప్రకటనలు నెట్‌లో దొరుకుతాయి. డౌన్‌లోడ్ చేసుకుని విద్యార్హత కాలమ్ మాత్రం చదువు. పోస్టులు విభాగాల వారీగా ఉంటాయి, అర్హత కూడా విభాగం వారీగానే ఉంటుంది. కెమిస్ట్రీ, టాక్సికాలజీకి కెమిస్ట్రీ, బయోకెమిస్ట్రీ లాంటివి. బయాలజీ, డీఎన్‌ఏకి జువాలజీ, బోటనీ, మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ, జెనెటిక్స్ లాంటివి. ఫోరెన్సిక్ సైన్స్ ఎమ్మెస్సీని చాలా చోట్ల ఒప్పుకుంటారు, కానీ కొన్నిచోట్ల దాంతోపాటు డిగ్రీలో ఫలానా సబ్జెక్టు ఉండాలనో, ఎమ్మెస్సీలో ఫలానా స్పెషలైజేషన్ ఉండాలనో షరతు పెడతారు. కేంద్ర పోస్టుల్లో కొన్నింటికి ల్యాబు అనుభవం కూడా అడుగుతారు. ఆ షరతు చూసుకోకుండా చేరి, ఎమ్మెస్సీ అయ్యాక దరఖాస్తు దగ్గర ఆగిపోయిన పిల్లల్ని చూశాను. వాళ్ల ముఖాలు గుర్తొస్తే బాధేస్తుంది. అందుకే చేరకముందే చూసుకోమంటున్నాను.

నాకైతే ఇలా అనిపిస్తుంది. నీకు కెమిస్ట్రీ మీద నిజంగా ఇష్టం ఉంటే ఎమ్మెస్సీ అనలిటికల్ కెమిస్ట్రీనో, ఆర్గానిక్ కెమిస్ట్రీనో చెయ్యి. ఫోరెన్సిక్ పోస్టు ఎప్పుడు పడుతుందో తెలియదు, ఈలోగా ఫార్మా కంపెనీల్లో పనిచేయొచ్చు, ఖాళీగా ఉండక్కర్లేదు. ఫోరెన్సిక్ ఎమ్మెస్సీయే చేయాలని మనసు లాగుతుంటే మంచి ల్యాబు సౌకర్యం ఉన్న చోటే చెయ్యి. ఉస్మానియాలో ఎమ్మెస్సీ ఫోరెన్సిక్ సైన్స్ ఉంది, దానికి సీపీగెట్ అనే పీజీ ప్రవేశ పరీక్ష రాయాలి. బయటికి వెళ్లగలిగితే గాంధీనగర్‌లో నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీ ఉంది. 2009లో గుజరాత్ రాష్ట్ర యూనివర్సిటీగా మొదలై 2020లో జాతీయ స్థాయి సంస్థ అయింది, ఢిల్లీలో కూడా క్యాంపస్ ఉంది. ఎక్కడ చేరినా చేరకముందు ఒక్క ప్రశ్న అడుగు: "జీసీ-ఎంఎస్, హెచ్‌పీఎల్‌సీ లాంటి యంత్రాల మీద పిల్లల చేత స్వయంగా శాంపిల్స్ నడిపిస్తారా, దూరం నుంచి చూపిస్తారా?" జవాబు నసిగితే ఆ కాలేజీ వద్దు. పీజీ అయ్యాక యూజీసీ నెట్‌లో ఫోరెన్సిక్ సైన్స్ సబ్జెక్టు ఉంది, బోధన వైపు వెళ్లాలనుకుంటే అది రాయొచ్చు.

ఆరు నెలల ఆన్‌లైన్ డిప్లొమాకి డబ్బు కట్టకు. ప్రభుత్వ పోస్టులకు డిగ్రీ, పీజీ అడుగుతారు, ఆన్‌లైన్ సర్టిఫికెట్ వాటికి బదులు కాదు. ఉద్యోగం గ్యారంటీ అని ఫోన్లో చెప్పేవాళ్లని ఒక మాట అడుగు: ఏ పోస్టుకి, ఏ నోటిఫికేషన్‌లో, ఏ కాలమ్‌లో మీ సర్టిఫికెట్ అర్హతగా రాసి ఉందో పంపించండి అని. మళ్లీ ఫోన్ రాదు. ఆ డబ్బు ఎమ్మెస్సీ ఎంట్రన్స్ పుస్తకాలకు, హాస్టల్‌కి దాచుకో.

పోస్టులు పెరుగుతాయా అని నువ్వు అడగలేదు గానీ మీ నాన్నగారు అడుగుతారు. 2024 జులై 1 నుంచి సీఆర్‌పీసీ స్థానంలో అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 176వ సెక్షన్ మూడో సబ్‌సెక్షన్ ప్రకారం, ఏడేళ్లు లేదా అంతకన్నా ఎక్కువ శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు నేరం జరిగిన చోటికి వెళ్లి సాక్ష్యాలు సేకరించాలి, వీడియో తీయించాలి. దీన్ని అమలు చేయడానికి రాష్ట్రాలకు ఐదేళ్లలోపు గడువు ఇచ్చారు. అదే ఏడాది కేంద్రం ఫోరెన్సిక్ సదుపాయాలకు సుమారు 2254 కోట్ల పథకానికి ఆమోదం ఇచ్చింది, 2028-29 దాకా. చట్టమే తప్పనిసరి చేశాక మనుషులు లేకుండా జరగదు. అయితే ప్రభుత్వ నియామకాలు ఎప్పుడు వస్తాయో ఎవరూ చెప్పలేరు. ఎదురుచూస్తూ ఇంట్లో కూర్చునే ప్లాన్ మాత్రం వేసుకోకు.

ఎదురుచూసే ఆ కాలమంతా ఎక్కడ ఉండాలంటే, నన్నడిగితే ఫార్మా కంపెనీ క్వాలిటీ కంట్రోల్ ల్యాబులో. జీడిమెట్ల, పాశమైలారం, నాచారం, చౌటుప్పల్ వైపు ఎన్ని కంపెనీలున్నాయో నీకు తెలుసు. చౌటుప్పల్ అయితే మీ ఇంటికి దగ్గర కూడా. అక్కడ హెచ్‌పీఎల్‌సీ రోజంతా నడుస్తుంది. ఒక శాంపిల్ రెండు రకాలుగా వస్తే ఏం చేయాలి, లాగ్‌బుక్ ఎలా రాయాలి, తప్పు రాస్తే తుడవకుండా ఒక్క గీత కొట్టి పక్కన సంతకం, తేదీ ఎలా వేయాలి, ఇవన్నీ ఆడిట్‌ల భయానికి వాళ్లు కఠినంగా నేర్పుతారు. మా ల్యాబుల్లో ఐఎస్‌ఓ 17025 అనే నాణ్యతా ప్రమాణం ప్రకారం ల్యాబులకిచ్చే ఎన్‌ఏబీఎల్ గుర్తింపు కోసం కావాల్సింది సరిగ్గా ఇదే క్రమశిక్షణ. ఫార్మాలో పనిచేసి మా దగ్గరికి వచ్చిన పిల్లలకు మొదటి నెలలోనే ధైర్యంగా శాంపిల్ అప్పగించగలిగేవాళ్లం.

కెమిస్ట్రీ వైపు వస్తే పురుగుమందులే కాదు, మన ప్రాంతపు సమస్యలు వేరేవీ ఉంటాయి. కల్లులో ఆల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు మందులు కలపడం తెలంగాణలో ఎప్పటి నుంచో ఉన్న రోగం. అలవాటుపడిన మనిషికి ఆ కల్లు ఆగిపోతే మూర్ఛలు వస్తాయి. విశాఖ ఏజెన్సీ నుంచి వచ్చే గంజాయి ఎన్‌డీపీఎస్ (మత్తుపదార్థాల చట్టం) కేసుల రూపంలో ల్యాబులకు చేరుతుంది. ఎవరి కేసులోనైనా మన రిపోర్టు ఆలస్యమైతే బెయిలు రాక లోపలున్న మనిషి లోపలే ఉంటాడు. వాడు నేరం చేసినవాడైనా కాకపోయినా. పెండింగ్ ఫైళ్ల గుట్ట చూసినప్పుడు నాకు ఆ సంగతే గుర్తొచ్చేది.

బయాలజీ వైపు మొగ్గు ఉంటే అది కూడా మంచిదే, నీది బీజెడ్‌సీ కాబట్టి రెండు దారులూ తెరిచే ఉన్నాయి. డీఎన్‌ఏలో ఇప్పుడు 20కి పైగా స్థానాల్లో ఎస్టీఆర్‌లు, అంటే మనిషికీ మనిషికీ తేడాగా పదేపదే వచ్చే చిన్న ముక్కలు చూస్తారు, యంత్రం గ్రాఫ్ ఇస్తుంది. కష్టమంతా దానికి ముందే ఉంటుంది. రక్తం తడిసిన చీర తడిగా ఉండగానే ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి కట్టేస్తే ల్యాబుకి వచ్చేసరికి బూజు పట్టి ఉంటుంది, డీఎన్‌ఏ ముక్కలైపోతుంది. నీడలో ఆరబెట్టి కాగితపు కవర్‌లో పెట్టాలి. అంత చిన్న పని సరిగ్గా జరగకపోవడం వల్ల ఎన్ని అత్యాచార కేసులు బలహీనపడతాయో తలుచుకుంటే కోపం వస్తుంది. నువ్వు ల్యాబులోకి వచ్చాక కానిస్టేబుళ్లకు, ఎస్‌ఐలకు శిక్షణ ఇచ్చే అవకాశం వస్తే వదులుకోకు. కంప్యూటర్ ఫోరెన్సిక్స్ నీ సబ్జెక్టు కాదు కాబట్టి దాని జోలికి పోను. ఇది చదివే కంప్యూటర్ విద్యార్థులెవరైనా ఉంటే, ఇప్పుడు పని అన్నిటికన్నా వేగంగా పెరుగుతున్నది అక్కడే, ప్రైవేటులో ఉద్యోగాలు ఉన్నదీ అక్కడే.

ఇక కోర్టు. ఏ కోర్సులోనూ సరిగ్గా నేర్పనిది ఇదే. నాగరిక్ సురక్షా సంహిత 329వ సెక్షన్ కింద కొందరు ప్రభుత్వ నిపుణుల రిపోర్టును మనిషి రాకుండానే సాక్ష్యంగా తీసుకోవచ్చు. కానీ కోర్టు పిలిస్తే వెళ్లాలి. బోనులో నిలబడ్డాక డిఫెన్స్ లాయర్ సైన్స్ గురించి అడిగేది తక్కువ. పార్సిల్ ఏ రోజు వచ్చింది, ఏ రోజు తెరిచారు, మధ్యలో ఎక్కడుంది, తాళం ఎవరి దగ్గరుంది, పరీక్ష మీరే చేశారా, మీ కింద పనిచేసేవాళ్లు చేశారా అని అడుగుతారు. తర్వాత, "మీరు మోతాదు రాయలేదు కదా, మరి ఇది ప్రాణం తీసేంత ఉందని ఎలా చెబుతారు?" అంటారు. నువ్వు అలా ఎక్కడా చెప్పలేదు. "నేను ఫలానా విషం ఉందని గుర్తించాను. మోతాదు కొలవలేదు. మరణానికి కారణం చెప్పాల్సింది డాక్టర్ గారు" అనాలి. అక్కడ ఆగిపోవాలి. తెలిసిన విషయం కదా అని ఇంకో వాక్యం కలపాలని నోరు దురద పెడుతుంది. ఆ అదనపు వాక్యంతోనే రిపోర్టు మొత్తం అనుమానంలో పడుతుంది. కేసు దర్యాప్తు చేసే అధికారి ఫోన్ చేసి 'మేడమ్, మనవైపు కొంచెం చూడండి' అనే సందర్భాలూ ఉంటాయి. మనకు వైపు లేదు. ఫోన్ మర్యాదగా పెట్టేసి, ఫైల్లో ఉన్నది ఉన్నట్టు రాయడమే.

కాబట్టి ఒక పని చెబుతాను, డబ్బు ఖర్చు లేనిది. సెలవుల్లో నల్గొండ సెషన్స్ కోర్టుకి వెళ్లి వెనక బెంచీలో కూర్చో. మహిళలపై, పిల్లలపై జరిగిన లైంగిక నేరాల విచారణ లాంటివి తప్ప మామూలుగా కోర్టు ఎవరైనా వెళ్లి చూడొచ్చు. డాక్టర్ సాక్ష్యమో, ఎస్‌ఐ సాక్ష్యమో జరుగుతున్నప్పుడు ప్రశ్నలు ఎలా వస్తాయో విను. తీర్పులు ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఎఫ్‌ఎస్‌ఎల్ రిపోర్టు ఉన్న తీర్పుల్లో జడ్జి ఆ రిపోర్టును ఎందుకు నమ్మారు, ఎందుకు పక్కన పెట్టారు అన్నది రాసి ఉంటుంది. అలాంటి తీర్పులు పది చదివినా ఏ పాఠ్యపుస్తకం ఇవ్వని అవగాహన వస్తుంది. వాటితోపాటు ఇంగ్లిష్ రాయడం సాధన చెయ్యి. మన రిపోర్టులు ఇంగ్లిష్‌లోనే వెళ్తాయి, పొట్టి వాక్యాల్లో, ఒక్క అర్థమే వచ్చేలా రాయగలగాలి. సాక్ష్యం మాత్రం చాలాసార్లు తెలుగులోనే చెప్పాల్సి వస్తుంది, టెక్నికల్ విషయాన్ని తెలుగులో తేలిగ్గా చెప్పడం కూడా ఇంట్లోవాళ్ల ముందే అలవాటు చేసుకో.

ఆడపిల్లకు కుదురుతుందా అన్నావు. నేను చేశాను కదమ్మా. ల్యాబుల్లో మాతో పనిచేసినవాళ్లలో ఆడవాళ్లు చాలామందే ఉన్నారు. ల్యాబు పని ఎక్కువగా ఆఫీసు వేళల్లోనే ఉంటుంది. క్లూస్ టీమ్ లేదా మొబైల్ యూనిట్ అయితే అర్ధరాత్రి పిలుపులు వస్తాయి, పొలం గట్లమీద, పాడుబడ్డ బావుల దగ్గర నిలబడాల్సి వస్తుంది. అది ముందే తెలుసుకుని ఎంచుకో. రక్తం, వాసన అన్నీ అలవాటైపోతాయి. అలవాటు కానివి చిన్నపిల్లల కేసులు. ఆ రోజుల్లో ఇంటికెళ్లాక మనసు ఒక పట్టాన నిలవదు. తోటివాళ్లతో మాట్లాడుకోవడం సిగ్గుపడాల్సిన విషయం కాదు, మా విభాగంలో మేం అలాగే నెట్టుకొచ్చాం. పెళ్లయ్యాక కోర్టు సమన్ల మీద వేరే జిల్లాలకు వెళ్లాల్సి వస్తుంది, పొద్దున్న బస్సెక్కి రాత్రికి రావడం, ఒక్కోసారి అక్కడికెళ్లాక వాయిదా పడడం. ఇంట్లోవాళ్లకు ఇది ముందే చెప్పి ఉంచడం మంచిది.

విదేశాల గురించి చాలామంది అడుగుతారు కాబట్టి ఒక్క మాట. అమెరికాలో ఫోరెన్సిక్ ఎమ్మెస్ చేయడం తేలికే, కానీ అక్కడి ప్రభుత్వ క్రైమ్ ల్యాబుల్లో చాలావాటికి పౌరసత్వమో శాశ్వత నివాసమో కావాలి. అప్పు చేసి వెళ్లేముందు అది చూసుకోవాలి.

ఇప్పటి నుంచి డిగ్రీ అయ్యేలోపు నువ్వు చేయాల్సినవి మరీ ఎక్కువేం కాదు. కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో రికార్డు కాపీ కొట్టకు, నీకు వచ్చిన రీడింగే రాయి, అది పుస్తకంలోదానికి తేడాగా ఉంటే ఎందుకు తేడా వచ్చిందో కింద రాయి. లెక్చరర్ మార్కు తగ్గిస్తే తగ్గించనీ. క్రొమటోగ్రఫీ, స్పెక్ట్రోస్కోపీ, ద్రావణీయత, ఆమ్లక్షారాలు, ఈ నాలుగు అధ్యాయాలు పరీక్ష కోసం కాకుండా చదువు. స్టాటిస్టిక్స్ కొంచెం నేర్చుకో, డీఎన్‌ఏ రిపోర్టులో 'ఇంత మందిలో ఒకరు' అనే అంకె ఎక్కడి నుంచి వస్తుందో అర్థం కావాలంటే అది కావాలి. మూడో ఏడాదిలో సీపీగెట్‌కి కూర్చో, కెమిస్ట్రీ, ఫోరెన్సిక్ రెండింటికీ రాయి, ర్యాంకు చూశాక నిర్ణయించుకో.

మీ నాన్నగారి మాట తీసిపారేయకు. ఆయనకు కావాల్సింది నీకొక నిలకడైన ఉద్యోగం, అందులో తప్పేమీ లేదు. పాత నోటిఫికేషన్ ప్రింటు తీసి, అందులో జీతం స్కేలు, విద్యార్హత ఉన్న పేజీ ఆయనకు చూపించు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేస్తే ల్యాబు ఉద్యోగం రాకపోయినా ఫార్మా ఉందని, ఆ తర్వాత బీఈడీ చేసి స్కూల్లోనో, ఆ పీజీతోనే జూనియర్ కాలేజీలోనో చెప్పే దారి కూడా మూసుకుపోదని చెప్పు. ఫోరెన్సిక్ సైన్స్ ఎమ్మెస్సీ అయితే టీచర్ పోస్టులకు ఆ పీజీ అంతగా పనికిరాదు, అది కూడా దాచకుండా చెప్పు. రెండు పక్కలా లెక్కవేసి చూపిస్తే చాలామంది తండ్రులు ఒప్పుకుంటారు.